బీటెక్ సీటు, అప్పు, మొదటి జీతం: సంతకం పెట్టే ముందు వేయాల్సిన లెక్క

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే దాకా మాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, ఈ కాలేజీ మంచిదేనా?" రెండు నిమిషాలు మాట్లాడాక అసలు సంగతి బయటికొస్తుంది. కోరుకున్న కాలేజీలో కన్వీనర్ సీటు రాలేదు, మేనేజ్‌మెంట్ కోటాలో ఇస్తామంటున్నారు, నాన్న ఎక్కడో ఒకచోట అప్పు తెస్తానంటున్నాడు. అది తీర్చగలమా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు కాలేజీ ఏజెంటు జవాబు ఒకటే: "ప్లేస్‌మెంట్ వస్తే ఏడాదిలో తీరిపోతుంది." ఊళ్లో పెద్దకులపు ఆసామి జవాబు కూడా ఒకటే: "మీకెందుకురా ఇంజనీరింగు, ఏదో చిన్న కోర్సు చేయించు." మొదటిది అబద్ధం, రెండోది కులం. లెక్క మనమే వేసుకోవాలి. కింద ఉన్నవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దళిత విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని మేం వేసిన లెక్కలు. అంకెలు మీ కాలేజీకి, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరి దయ?

ముందుగా ఒక అపోహ తీరాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. బీసీలకు, ఇతర పేద వర్గాలకు అప్పుడే వచ్చింది, నిజమే. ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మాత్రం 1944 నుంచీ ఉంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ 1942లో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో ప్రత్యేకంగా సైన్సు, సాంకేతిక చదువుల కోసం ఉపకార వేతనాలు అడిగారు. ఉత్త బీఏ డిగ్రీలతో సరిపెట్టుకోమనలేదు. ఇవాళ ఒక మాదిగ పిల్లో మాల పిల్లాడో కన్వీనర్ కోటాలో ట్యూషన్ ఫీజు కట్టకుండా బీటెక్‌లో చేరుతున్నారంటే దాని మూలం అక్కడుంది.

ఈ పథకంలో కేంద్రం వాటా ఏళ్ల తరబడి తగ్గుతూ పోయి భారమంతా రాష్ట్రాల మీద పడింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం వాటాలను 60:40గా మార్చింది, ఐదేళ్లకు మొత్తం 59,048 కోట్ల రూపాయల వ్యయానికి ఆమోదం తెలిపింది. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడాలి, అదీ రాష్ట్రం తన 40 శాతం జమ చేశాకే అన్నది నిబంధన. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండు వాటాలూ ఆగుతాయి.

కుటుంబ ఆదాయ పరిమితి కేంద్ర మార్గదర్శకాల్లో 2.5 లక్షల రూపాయలు. అమ్మానాన్నలిద్దరూ నెలకు 11 వేల చొప్పున ఔట్‌సోర్సింగ్ పని చేస్తే ఏడాదికి 2.64 లక్షలు అవుతుంది. ఇద్దరు పారిశుధ్య కార్మికుల బిడ్డ ఈ లెక్కన "సంపన్న కుటుంబం" కిందికి వస్తుంది. ఈ పరిమితి పెంచమని అడగడం ఉద్యమ సంఘాలు చేయాల్సిన పని. ఈ ఏడాది సీటు తీసుకునేవాళ్లు మాత్రం ఆదాయ ధ్రువపత్రంలో ఏ అంకె వస్తుందో కౌన్సెలింగ్‌కు ముందే చూసుకోవాలి, తర్వాత కాదు.

సున్నా ఫీజు సీటుకు అయ్యే ఖర్చు

కన్వీనర్ కోటా, ఎస్సీ, ఆదాయ పరిమితి లోపల. కాగితం మీద ట్యూషన్ ఫీజు సున్నా. మిగతా ఖర్చు చూద్దాం.

సంక్షేమ హాస్టల్లో చోటు దొరకలేదనుకుందాం. కాలేజీ దగ్గర ప్రైవేటు హాస్టల్ నెలకు 6 వేలు, ఏడాదికి 10 నెలలు, నాలుగేళ్లు: 2 లక్షల 40 వేలు. లాప్‌టాప్ 40 వేలు. పరీక్ష ఫీజులు, రికార్డులు, ప్రాజెక్టు, రానుపోను ఛార్జీలు కలిపి ఏడాదికి 10 వేలు తగ్గవు, అది మరో 40 వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు. వృత్తి విద్యా డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండే ఎస్సీ విద్యార్థికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నిర్వహణ భత్యం ఏడాదికి 13,500 రూపాయలు, నాలుగేళ్లకు 54 వేలు. అది సకాలంలో వచ్చినా ఇంటి నుంచి పెట్టాల్సింది 2 లక్షల 66 వేలు. "ఫ్రీ సీటు" అని చుట్టాలు దీవించి పంపే సీటు ఖరీదు ఇదీ.

ఇంకో ఖర్చు ఎవరూ కాగితం మీద రాయరు. కొడుకు పనికిపోతే వచ్చే కూలీ. రోజుకు 500, ఏడాదికి 200 రోజులు అనుకుంటే నాలుగేళ్లకు 4 లక్షలు ఇంటికి రాకుండా పోయినట్టు. మధ్యతరగతి కుటుంబంలో ఇది అర్థశాస్త్రం పాఠం, వాడలో ఇది తమ్ముడి చదువు ఆగిపోవడం.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది చివర్లో వస్తుంది. ప్రభుత్వం బకాయిలు పెడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారినా ఈ పద్ధతి మారలేదు. 2025లో తెలంగాణ ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల యాజమాన్యాలు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు బంద్ పెట్టేదాకా వెళ్లింది వ్యవహారం. యాజమాన్యం ప్రభుత్వాన్ని నిలదీయడం అరుదు, విద్యార్థిని నిలదీయడం సులువు. ఫైనలియర్ అయ్యాక "రెండేళ్ల ఫీజు రాలేదు, కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లు, ప్రభుత్వం ఇస్తే తిరిగిస్తాం" అంటారు. ఏడాదికి 80 వేల ఫీజు ఉన్న కాలేజీలో అది లక్షా 60 వేలు. కంపెనీలో చేరే తేదీ దగ్గరపడుతుంటుంది, ఒరిజినల్స్ లేకుంటే చేర్చుకోరు. అప్పుడు ఆ కుటుంబం ఎక్కడికి పోతుంది?

రెండు రూపాయల వడ్డీ

బ్యాంకుకు పోదు, సమయం ఉండదు. ఊళ్లో నోటు రాసిస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. లక్షా 60 వేలకు రెండు రూపాయల చొప్పున నెలకు 3,200 వడ్డీ మాత్రమే, అసలు కదలదు. మూడేళ్లకు ప్రామిసరీ నోటు కాలం తీరిపోతుంది కాబట్టి అప్పిచ్చినవాడు నోటు తిరగరాయిస్తాడు, కట్టని వడ్డీ అసల్లో కలుస్తుంది. లక్ష రూపాయల నోటు మూడేళ్లకు లక్షా 72 వేల నోటు అవుతుంది. అక్కడి నుంచి వడ్డీ ఆ లక్షా 72 వేల మీద.

మేం గట్టిగా చెప్పదలచుకున్న విషయం ఇదే. దళిత కుటుంబాల చదువు అప్పులో పెద్ద భాగం బ్యాంకుల విద్యారుణాల ఖాతాల్లో కనబడదు. అమ్మ డ్వాక్రా సంఘంలో "గేదె కోసం" అని తీసుకున్న లోను, కుదువ పెట్టిన పుస్తెలతాడు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, పండక్కి చిట్టీ పాడి తెచ్చిన డబ్బు. వీటన్నిటి వడ్డీ బ్యాంకు విద్యారుణం కంటే ఎక్కువ, డ్వాక్రా సున్నా వడ్డీ సకాలంలో అందిన సందర్భం తప్ప. విద్యారుణాల గణాంకాలు చూసి "ఎస్సీ విద్యార్థుల మీద అప్పు భారం తక్కువ" అని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పు ఉంది, అది వేరే పేర్లతో అమ్మ మీద ఉంది.

అందుకే ఒక తెల్లకాగితం తీసుకుని, చదువు మొదలైనప్పటి నుంచి ఇంట్లో తెచ్చిన ప్రతి అప్పునూ, ఎవరి పేరున, ఎంత వడ్డీకి, ఏ తేదీన అని రాయండి. నాన్న చెప్పడానికి ఇష్టపడడు. బతిమాలి అడగండి. ఈ కాగితం లేకుండా వేసే ఏ లెక్కా నిలబడదు.

మేనేజ్‌మెంట్ సీటు, బ్యాంకు అప్పు

ప్రైవేటు కాలేజీల్లో సాధారణంగా 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీట్లకు, స్పాట్ అడ్మిషన్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. "మేం చూసుకుంటాం, స్కాలర్‌షిప్ పెట్టిస్తాం" అని కాలేజీ బయట తిరిగే పీఆర్వో చెప్పే మాట నమ్మి మోసపోయినవాళ్లు ప్రతి ఏడాదీ మాకు తారసపడతారు. డొనేషన్ అడగడం 1983 చట్టం ప్రకారం నేరం. దానికి రసీదు ఇవ్వరు, రసీదు లేని డబ్బుకు బ్యాంకు రుణం ఇవ్వదు, కాబట్టి డొనేషన్ ఎప్పుడూ రెండు మూడు రూపాయల వడ్డీ అప్పే.

ఇప్పుడు బ్యాంకు అప్పు లెక్క. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షల విద్యారుణం, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. చదివే కాలమూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని కాదు. మొదటి ఏడాది లక్షన్నరకు ఐదేళ్లు, రెండోదానికి నాలుగు, మూడోదానికి మూడు, చివరిదానికి రెండేళ్లు సాధారణ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కలిపితే 2 లక్షల 20 వేల 500. మొదటి వాయిదా కట్టే రోజుకు 6 లక్షలు కాస్తా 8 లక్షల 20 వేలు.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 11,070. పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 9,070. పదేళ్లలో మొత్తం కట్టేది 13 లక్షల 30 వేలకు దగ్గర, పదిహేనేళ్లలో 16 లక్షల 30 వేల పైన. బ్యాంకు మేనేజరు "వాయిదా తగ్గిస్తాను" అంటే ఏం జరుగుతుందో ఈ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసుకునే హక్కు ఒకటుంది. 2009 నుంచి అమల్లో ఉన్న కేంద్ర వడ్డీ రాయితీ పథకం కింద, కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు తీసుకున్న రుణం మీద చదువు కాలం ప్లస్ ఒక ఏడాది వడ్డీ మొత్తం కేంద్రం కడుతుంది. ఇప్పుడు రుణ పరిమితి 10 లక్షలు. కాలేజీకి న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. ఇది వస్తే పై లెక్కలో 2 లక్షల 20 వేలు మాయమవుతుంది, పదేళ్ల వాయిదా సుమారు 8,100కు దిగుతుంది. కానీ ఆదాయ ధ్రువపత్రం తీసుకుని క్లెయిం పెట్టాల్సింది మీ బ్రాంచి. వాళ్లు మర్చిపోతారు. ఏటా ఒకసారి బ్రాంచికి వెళ్లి రుణ ఖాతా స్టేట్‌మెంటు తీసుకుని, రాయితీ జమ అయిందో లేదో చూడండి. ఐదో ఏడు చివర్లో వెళితే దొరకదు.

2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరేవారికి పూచీకత్తు, హామీదారు లేకుండా రుణం ఇవ్వాలి. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మన పిల్లలు ఎక్కువగా చేరే జిల్లా కాలేజీలు చాలావరకు ఆ జాబితాలో లేవు. చేరబోయే కాలేజీ ఉందో లేదో ముందే చూసుకోండి.

మొదటి జీతం నిజంగా ఎంత?

పెద్ద ఐటీ సేవల కంపెనీలు మాస్ రిక్రూట్‌మెంట్‌లో తీసుకునే ఫ్రెషర్‌కు ఇచ్చే వార్షిక ప్యాకేజీ 3.3 నుంచి 3.6 లక్షల దగ్గర పదేళ్లకు పైగా దాదాపు కదలకుండా ఉంది. ఈ పదేళ్లలో హైదరాబాద్ హాస్టల్ అద్దె, బస్ పాసు, కందిపప్పు ఏవీ కదలకుండా లేవు. ప్యాకేజీలో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, పనితీరును బట్టి ఇచ్చే భాగం అన్నీ కలిసి ఉంటాయి. 3.36 లక్షలు అంటే నెలకు 28 వేలు అనుకుంటారు, చేతికొచ్చేది 22 నుంచి 24 వేలు. ఇది కూడా పేరున్న కంపెనీల సంగతి. చిన్న కంపెనీల్లో, కాల్ సెంటర్లలో, సైట్ ఇంజనీరు కొలువుల్లో 12 నుంచి 18 వేలకు పనిచేస్తున్న బీటెక్ వాళ్లు మనందరికీ తెలుసు.

22 వేలు అనే పెట్టుకుందాం. హాస్టల్, తిండి 10 వేలు. బస్సు, ఫోను, బట్టలు 2 వేలు. ఇంటికి 5 వేలు. ఈ ఇంటికి పంపే డబ్బును మార్కెట్లో దొరికే ఏ "ఆర్థిక ప్రణాళిక" పుస్తకమూ లెక్కలోకి తీసుకోదు. తొలితరం ఉద్యోగికి అది ఐచ్ఛికం కాదు, నాన్న మందులవి, చెల్లి ఫీజుది. మిగిలేది 5 వేలు.

నెలకు 5 వేలతో, 10.5 శాతం వడ్డీకి, పదేళ్లలో తీర్చగల అప్పు 3 లక్షల 70 వేలు. అది వాయిదాలు మొదలయ్యే రోజుకు ఉండాల్సిన మొత్తం. వడ్డీ రాయితీ లేకపోతే, నాలుగేళ్లలో తీసుకునే అసలు 2 లక్షల 70 వేలు దాటకూడదు. రాయితీ వస్తే 3 లక్షల 70 వేల దాకా పోవచ్చు. మా దగ్గరికొచ్చే విద్యార్థులకు మేం చెప్పే గీత ఇదే. ఆరు లక్షల అప్పుతో మేనేజ్‌మెంట్ సీటు ఈ గీతకు చాలా అవతల ఉంది. ఏడాదికి మూడు లక్షలు, ఆపైన తీసుకునే డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

జీతం పెరగదా అని అడుగుతారు. పెరుగుతుంది, నిలబడినవాళ్లకు మూడు నాలుగేళ్ల తర్వాత కంపెనీ మారితే బాగా పెరుగుతుంది. ఆ మూడు నాలుగేళ్లు నిలబడటమే అసలు సమస్య.

ఆగగలిగే శక్తి

డిగ్రీ చేతికొచ్చిన రోజుకూ మొదటి జీతం పడిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు? ప్యాకేజీ కంటే ఈ ప్రశ్న ముఖ్యమని మాకు అనుభవం నేర్పింది. 2022లో ఆఫర్ లెటర్లు ఇచ్చిన కొన్ని పెద్ద కంపెనీలు అభ్యర్థులను రెండేళ్ల దాకా చేర్చుకోలేదు. ఆ రెండేళ్లూ ఇంట్లో కూర్చోగలిగినవాడికి అది చికాకు. రెండు రూపాయల వడ్డీ నడుస్తున్నవాడికి అది మునక.

వ్యవధి మనకే ఎందుకు ఎక్కువ పడుతుందో కూడా తెలుసు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు, ఇంటిపేర్లు మాత్రమే మార్చారు. దళిత ఇంటిపేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంది. అదే సమయంలో సురీందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్ కంపెనీల నియామక అధికారులతో మాట్లాడితే, "ప్రతిభే చూస్తాం" అన్నవాళ్లే "కుటుంబ నేపథ్యం" తప్పక అడుగుతామని చెప్పారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. కాబట్టి సగటు జీతం సంపాదించడానికి మన పిల్లలకు సగటు కంటే ఎక్కువ ఇంటర్వ్యూలు, ఎక్కువ నెలలు పట్టవచ్చు. ఆ నెలలకయ్యే తిండి, గది ఖర్చు కూడా చదువు అప్పులో భాగమే.

బ్యాంకు గడియారం ఏడాది తర్వాత మొదలవుతుంది. నోటు అప్పు గడియారం మొదటి రోజు నుంచే. గేట్ రాయాలన్నా, రైల్వే జూనియర్ ఇంజనీర్ పరీక్షకో, ఏఈ పోస్టుకో చదవాలన్నా ఒకటి రెండేళ్లు కావాలి. రైల్వే జేఈ మూల వేతనం ఏడో వేతన సంఘం లెక్కలో 35,400తో మొదలవుతుంది, దానిపైన డీఏ. ఎస్సీ రిజర్వేషన్ ఉంది. అయినా అప్పున్న పిల్లాడు అది రాయలేక 15 వేల కొలువులో చేరిపోతాడు. అప్పు అతని వాయిదాను మాత్రమే కాదు, అతని ఉద్యోగాన్ని కూడా నిర్ణయిస్తుంది.

బ్రాంచి ఎంపికలో దీన్ని గుర్తుపెట్టుకోండి. తెలంగాణ కాలేజీల్లో ఇప్పుడు సగానికి మించి సీట్లు కంప్యూటర్ సైన్సు, దాని అనుబంధ బ్రాంచీలవే. సివిల్, ఎలక్ట్రికల్ "వేస్టు బ్రాంచీలు" అని హాస్టళ్లలో ప్రచారం. రిజర్వేషన్ ఉన్న ఇంజనీరు పోస్టులు నీటిపారుదల, పంచాయతీరాజ్, విద్యుత్ సంస్థలు, రైల్వేల్లో ఉంటాయి, అవి అడిగేది ఎక్కువగా ఈ బ్రాంచీలనే. నోటిఫికేషన్లు సక్రమంగా రావన్నది నిజం. కానీ ఊరూపేరూ లేని కాలేజీలో అప్పు చేసి "ఏఐ అండ్ ఎంఎల్" చదవడం కంటే, మంచి ప్రభుత్వ కాలేజీలో అప్పు లేకుండా ఎలక్ట్రికల్ చదవడం మేలని మా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు మాలోనే ఉన్నారు.

కాలేజీ చెప్పే అంకెలు చదవడం

ఫ్లెక్సీ మీద "హయ్యెస్ట్ ప్యాకేజీ 44 లక్షలు" అని ఉంటుంది. అది ఒకరిది. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ఆ సమాచారాన్ని తన వెబ్‌సైట్లో కూడా పెట్టాలి. అందులో వెతకాల్సినవి: ఆ బ్యాచ్‌లో చేరినవాళ్లెందరు, నాలుగేళ్లలో పాసైనవాళ్లెందరు, ఉద్యోగం వచ్చినవాళ్లెందరు, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత. పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవాళ్లెందరో కూడా ఉంటుంది.

ఊహకు ఒక కాలేజీ తీసుకుందాం. 600 మంది చేరారు, 420 మంది సకాలంలో పాసయ్యారు, 300 మందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం 3.6 లక్షలు. కాలేజీ బ్రోచర్లో ఇది "సగటున 3.6 లక్షలు" అవుతుంది. నిజంలో చేరిన నలుగురిలో ఒకరికే 3.6 లక్షలు లేదా ఆపైన వచ్చింది, ఎందుకంటే మధ్యస్థం అంటే ఉద్యోగం వచ్చిన 300 మందిలో సగం. మిగతా 180 మంది బ్యాక్‌లాగ్‌లతోనో డిటెన్షన్‌తోనో వెనకబడ్డారు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది గణితంలో, ఇంగ్లిష్ పాఠాల్లో తడబడే మన పిల్లలు ఏ వరుసలో ఎక్కువ ఉంటారో చెప్పక్కర్లేదు. క్యాంపస్ కంపెనీలు చాలావరకు పెండింగ్ బ్యాక్‌లాగ్ ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు. ఏడాది పోతే ఆ ఏడాదికి స్కాలర్‌షిప్ కూడా పోతుంది. కాబట్టి మొదటి సంవత్సరం పాసవ్వడం కూడా అప్పు లెక్కలోని అంశమే. అంబేద్కర్ విద్యార్థి సంఘాలు సీనియర్లతో మొదటి ఏడాది పిల్లలకు గణితం, ఇంగ్లిష్ తరగతులు పెడితే ఎంత వడ్డీ ఆదా అవుతుందో ఒకసారి లెక్కవేసుకోవచ్చు.

ఐఐటీలు, ఎన్ఐటీల లెక్క వేరు. ఐఐటీల్లో 2016 నుంచి ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలైనా ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి మినహాయింపు ఉంది. మెస్, హాస్టల్ ఖర్చు ఉంటుంది. కానీ అక్కడికి చేరే ఆఖరి గుమ్మం దగ్గర కూడా చిన్న మొత్తమే కాలడ్డం పెడుతుంది. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దినసరి కూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు సంపాదించి, గడువులోపు 17,500 రూపాయల సీటు ఫీజు కట్టలేక దాన్ని పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు సెప్టెంబరు 30న 142వ అధికరణ కింద ప్రత్యేకాధికారం వాడి ఆ సీటు ఇప్పించింది. అందరికీ సుప్రీంకోర్టు దొరకదు. మీ ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్న నలుగురు కలిసి కౌన్సెలింగ్ నెలలో ఒక యాభై వేల నిధి సిద్ధంగా ఉంచగలిగితే ఇలాంటి సీట్లు పోవు.

బ్యాంకు కాదంటే, కాలేజీ ఇవ్వనంటే

బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల లోపు రుణానికి ఆస్తి పూచీకత్తు గానీ, మూడో వ్యక్తి హామీ గానీ అడగకూడదు, సొంత వాటా డబ్బు కట్టమనకూడదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. 2015లో వచ్చిన రుణ హామీ నిధి కింద 7.5 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇవ్వడానికి బ్యాంకుకు ప్రభుత్వ రక్షణ ఉంది. అయినా మేనేజరు "పొలం కాగితాలు తెండి" అంటాడు. మన దగ్గరున్నది చాలాచోట్ల లావుణి పట్టా, డీ ఫారం పట్టా. 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించిన భూమి కాబట్టి దాన్ని చూసి మొహం తిప్పుకుంటాడు. మీ ఊరు మా బ్రాంచి పరిధిలో లేదన్న కారణంతో విద్యారుణం తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. సిబిల్ స్కోరు తక్కువుందన్న ఒక్క కారణంతో విద్యార్థికి రుణం నిరాకరించడం సరికాదని కేరళ హైకోర్టు 2023లో అంది. ఆ తీర్పు మన రాష్ట్రాల బ్యాంకులను కట్టిపడేయకపోయినా, వాదనకు పనికొస్తుంది.

నోటిమాటతో కాదంటే తిరిగి రావొద్దు. విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు నమోదు చేసి ఆ నంబరుతో వెళ్లండి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. రాసివ్వమన్న రోజున చాలామంది మేనేజర్ల గొంతు మారుతుంది. మారకపోతే ఆ కాగితంతో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను కలవొచ్చు.

సర్టిఫికెట్ల విషయంలో యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ స్పష్టంగా ఉంది: చేరేటప్పుడు ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగిచ్చేయాలి, కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువపత్రం కలిపి చేరిన రోజు కాలేజీకి ఇస్తే, ఏమేం ఇచ్చారో రాసిన రసీదు అడిగి తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత బకాయి కట్టమన్నప్పుడు "ఫీజు రీయింబర్స్‌మెంట్ రానందున విద్యార్థి నుంచి వసూలు చేసిన మొత్తం, ప్రభుత్వం విడుదల చేశాక తిరిగి చెల్లించబడును" అని సంవత్సరాల వారీగా, ముద్రతో రసీదు ఇవ్వనిదే ఒక్క రూపాయి కట్టొద్దు. ఆ రసీదు జిరాక్సు ఒకటి జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి శాఖ కార్యాలయంలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ప్రభుత్వం ఏడాదికో రెండేళ్లకో డబ్బు విడుదల చేసినప్పుడు, అది కాలేజీ ఖాతాలో ఆగిందో మీ ఖాతాలో పడిందో అడగడానికి చేతిలో ఉండేది ఆ నంబరే.